చందనం వెనక కళ్ళు

"మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇలా వచ్చిందా అమ్మా?" అని విశాఖపట్నంలో డాక్టరమ్మ అడిగింది. నా కూతురు శిరీష పక్క కుర్చీలోనే కూర్చుని గోడకేసి చూస్తోంది. పాప పుట్టి రెండు నెలలు. ఆ రెండు నెలల్లో శిరీషకు ముందు మాట తగ్గింది, తర్వాత తిండి తగ్గింది, చివరికి పాప గుక్కపెట్టి ఏడ్చినా తల తిప్పడం మానేసింది. డాక్టరమ్మ కాగితం మీద పెన్ను ఆనించి, నా మొహంలోకి మెత్తగా చూస్తూ జవాబు కోసం ఆగింది. "లేదండీ. మా ఇంటా వంటా లేదు" అన్నాను. బయటకొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడ్డాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, అబద్ధమాడితే చెయ్యి చాపమన్న మనిషిని నేను. అయినా ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది ఎప్పుడో కంఠతా పట్టిన పాఠంలా ఉంది. మా ఇల్లు ఆ అబద్ధాన్ని యాభై ఏళ్ళుగా ఆడుతూనే ఉంది మరి. మర్నాడు శిరీషను అల్లుడికి అప్పగించి, నేను నడుముకు దోపుకుని తిరిగే బాల్కనీ తాళంచెవి అతని చేతిలో పెట్టి, సబ్బవరం మీదుగా వెళ్ళే చోడవరం బస్సెక్కాను. మా నాన్న అక్క సింహాలత్త అక్కడ ఉంది. అసలు సంగతి తెలిసినవాళ్ళలో నేను కాక బతికున్నది ఆవిడొక్కతే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మేము చోడవరంలో బజారు వెనక వీధిలో ఉండేవాళ్ళం. ముందు పెంకుటిల్లు, వెనక పొడుగాటి పెరడు, పెరటి చివర నుయ్యి, గోడ అవతల నుంచి చెరకుతోటలు. నాన్న చీడికాడలో బడిపంతులు. సోమవారం తెల్లారి వెళ్తే శనివారం సాయంత్రానికి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో అమ్మా నేనూ. అమ్మ పేరు వరాలు. పొద్దున్నే రాగిపిండి, మా వైపు చోడిపిండి అంటాం, కలిపి అంబలి కాచేది. పొయ్యిలో ఎండిన చెరకుపిప్పి పెట్టేది, అది చిటపటమంటూ సగం తీపిగా సగం మాడుగా వాసన వేసేది. చేతికి మట్టిగాజుల మధ్య రెండు బంగారు గాజులుండేవి. ఆవిడ ఏ మూల ఏ పని చేస్తున్నా ఆ గలగల నాకు చెప్పేసేది. మాట్లాడకుండా పనిచెయ్యడం అమ్మకు చేతకాదు. వినేవాళ్ళు లేకపోతే పిల్లితో మాట్లాడేది, పప్పుగుత్తితో మాట్లాడేది. ఆ వేసవిలో నాకు తమ్ముడు పుట్టాడు. పదకొండో రోజున పోయాడు. ఎందుకు పోయాడో నాకెవరూ చెప్పలేదు. తెల్లటి గుడ్డలో చుట్టి నాన్న ఎత్తుకెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఏడ్చారు గానీ అమ్మ ఏడవలేదు. ఆ రోజు నుంచి మాట కూడా లేదు. పొద్దున లేచి వెళ్ళి నూతి చప్టా మీద కూర్చునేది. నీడ జరిగి ఎండ మీదకొచ్చినా లేచేది కాదు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, ఎవరి పిల్లో దారి తప్పి వచ్చినట్టు నాకేసి చూసేది.

ఒకరోజు వీధి కుళాయి దగ్గర పక్కింటావిడ ఎవరితోనో అంటుంటే విన్నాను. "ఆ తల్లి వాలకం బాగునేదమ్మా. అస్తమానూ నూతికాడే కూసుంటంది. ఎవులో ఒకలు కనిపెట్టుకుని ఉండాల." ఇంట్లో నేను తప్ప ఇంకెవరున్నారు? బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. ఆ పూట నుంచి కనిపెట్టుకుని ఉండటం నా పనైంది. కడుపునొప్పని చెప్పి బడి మానేశాను. పడుకునేటప్పుడు నా పరికిణీ కొస అమ్మ పమిట చెంగుకు ముడివేసుకునేదాన్ని. అన్నిటికంటే మధ్యాహ్నాలంటే నాకు భయం. వీధంతా అన్నాలు తిని కునుకు తీసే వేళ, కాకి కూడా అరవదు. గాలికి చెరకు ఆకులు ఒకదానికొకటి రాసుకుని, గోడ అవతల ఎవరో గుసగుసగా అమ్మను పిలుస్తున్నట్టు ఉండేది. గిలక కిర్రుమంటే పెరట్లోకి పరిగెత్తేదాన్ని. గాజుల చప్పుడు కాసేపు వినపడకపోతే అమ్మ ఏ మూలనుందో వెతుక్కునేదాన్ని. ఇదంతా ఎవరికి చెప్పాలో, చెప్పవచ్చో లేదో కూడా నాకు తెలియదు. శనివారం నాన్న వచ్చి "అమ్మ ఎలా ఉందే?" అంటే, "బాగుంది" అనేదాన్ని. ఆయనా అంతకంటే అడిగేవాడు కాదు. భోంచేసి, చాలాసేపు చేతులు కడుక్కుంటూ పెరట్లో నిలబడేవాడు.

సింహాలత్త ఆ వర్షాకాలం మొదట్లో వచ్చింది. ఒక రేకుపెట్టె, పాతచీరలో చుట్టిన ఒక పటం, అంతే ఆవిడ సామాను. ఇరవై రెండేళ్ళకే భర్త పోతే అత్తవారింట్లోనే చాకిరీ చేస్తూ ఉండిపోయిన మనిషి. గట్టి మనిషి, గట్టి గొంతు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. మా వైపు అడ్డపొగ అంటారు. పొగ తాగుతూనే మాట్లాడేది, మాట్లాడుతూనే వెల్లుల్లి ఒలిచేది. వచ్చిన రోజే వంటింటి గోడకు మేకు కొట్టి పటం తగిలించింది. సింహాద్రి అప్పన్న పటం. అందులో స్వామికి కాళ్ళూ చేతులూ కనపడవు, మొహం కూడా కనపడదు. నిలువెల్లా చందనం ముద్ద. చుట్ట పక్కన పెట్టి, నోరు పుక్కిలించి, దాని ముందు దణ్ణం పెట్టుకుని, "సూస్తండు నాయనా, నాను పనిలో ఉంటాను" అని ఎవరో ఇంటిమనిషికి పని పురమాయించినట్టు చెప్పేది.

"మొకమంతా సెందనమే కదత్తా, కళ్ళేవీ?" అన్నాను ఒకరోజు.

"ఉన్నాయే. సెందనం ఎనకాతల ఉన్నాయి."

"కళ్ళ మీద సెందనం ఉంటే మనమెలా కనపడతాం?"

అత్త చేతిలో వెల్లుల్లి పక్కన పెట్టింది. "సెందనం మనకడ్డం గానీ ఆడికి అడ్డమేటే? ఏడాదికో దినం వలిసి నిజరూపం సూపిస్తారు. ఆ ఒక్కరోజే మనం ఆడ్ని సూస్తాం. మిగతా దినాలన్నీ ఆడే మనల్ని సూస్తంటాడు."

నా కడుపునొప్పి సంగతి అత్త రెండు రోజుల్లో పట్టేసింది. పొట్ట మీద వేలు పెట్టి "ఇక్కడా? ఇక్కడా?" అని అడిగి, నేను తడబడుతుంటే నా మొహం పైకెత్తింది. "నిజం సెప్పు. ఏల బడికెల్లవు?" అంది. "అమ్మని కనిపెట్టుకుని ఉండాల" అన్నాను. అంతే, అన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నానో ఏడుపు తన్నుకొచ్చింది. అత్త నన్ను ఊరుకోబెట్టలేదు. పూర్తిగా ఏడవనిచ్చింది. తర్వాత తన కొంగుతో నా ముక్కు తుడిచి, "సూడు సత్తీ, నువ్వు గుంటవి, సిన్నపిల్లవి. ఇది నీ పని కాదు. మెలుకువున్నంతసేపూ నాను సూస్తాను. నా కళ్ళు మూతపడితే అప్పన్న సూస్తాడు. దేవుడి కళ్ళకి రెప్పపాటు ఉండదే. ఇయ్యాల నుంచి నువ్వు బడికెల్లు, ఆడుకో, పడుకో" అంది. ఆ మాట నేను పూర్తిగా నమ్మానో లేదో చెప్పలేను. కానీ ఆ సాయంత్రం పరికిణీ కొస ముడి వెయ్యకుండానే పడుకున్నాను. మర్నాడు ఎండ మొహం మీద పడేదాకా లేవలేదు.

అలా రెండు మూడు నెలలు గడిచాయి. అమ్మ ఏమీ మారలేదు. ఆశ్వయుజంలో ఒకరోజు పొద్దున్నే అత్తకు చలిజ్వరం వచ్చింది. రెండు బొంతలు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. నేను పుస్తకాల సంచీ మేకుకు తగిలించేశాను. అత్త అది చూసి "బడికెల్లవా?" అంది. "నీకొంట్లో బాగునేదు కదా, ఎవులు సూస్తారు?" అన్నాను. "నిన్న ఎవులు సూసేరో ఆడే సూస్తాడు. ఎల్లు" అంది. కళ్ళు మూసుకునే అంది. వెళ్ళాను. కానీ లెక్కల మేష్టారు బోర్డు మీద రాసిందేదీ నాకు కనపడలేదు. మూడో పీరియడులో ఆకాశం నల్లబడింది. మొదటి చినుకులు పెంకుల మీద పడగానే నాలో ఏదో తెగింది. ఎవరినీ అడక్కుండా లేచి, గుమ్మం దాటి, రోడ్డు వెంట పరిగెత్తాను. వాన నన్ను తరుముకొచ్చింది.

ఇంటి తలుపు తీసే ఉంది. అత్త బొంతల కింద స్పృహ లేనట్టు నిద్రపోతోంది. పొయ్యి చల్లగా ఉంది. గదుల్లో అమ్మ లేదు. పెరట్లోకి వెళ్ళాను. నూతి చప్టా మీద ఎవరూ లేరు. నూతి గట్టు మీద అమ్మ బంగారు గాజులు రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఎవరికో ఇవ్వడానికి తీసి పెట్టినట్టు, జాగ్రత్తగా, ఒకదాన్నొకటి తాకుతూ. వాన వాటి మీద పడుతోంది. నేను గట్టు పట్టుకుని లోపలికి వంగి చూశాను. నీళ్ళ నిండా చినుకుల గుంటలు, కింద ఏమీ కనపడలేదు. "అమ్మా!" అని పిలిచాను. నా గొంతే, కానీ లావుగా, ఎవరో పెద్దమనిషి లోపల నుంచి పిలిచినట్టు, పైకి వచ్చింది. ఆ పిలుపు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. శిరీష గదిలో చడీచప్పుడు లేనప్పుడల్లా వినిపిస్తుంది.

ఏడుపు రాలేదు. అత్తనూ లేపలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, పీట ఎక్కి, అప్పన్న పటాన్ని మేకు మీదే గోడవైపుకు తిప్పేశాను. "నువ్వు సూడనేదు. ఇంకెప్పుడూ సూడకు" అన్నాను. పీట కింద పడిన చప్పుడుకి అత్త లేచింది. తూలుకుంటూ వచ్చి నన్ను చూసింది, పటాన్ని చూసింది, పెరట్లోకి నడిచింది. గాజులు కనపడగానే వానలో ఉన్నచోటే చతికిలబడిపోయింది. అంత గట్టి మనిషి నోట "అప్పన్నా" అని ఒక్కసారి, చిన్నపిల్ల పిలిచినట్టు, వినపడింది.

అప్పుడు వీధి గుమ్మం దగ్గర కేక. "ఒసే సత్తీ! ఎక్కడికి పోయేవే?" అమ్మ గొంతు. అయిదు నెలలుగా నేను వినని గొంతు. నిలువునా తడిసిపోయి అమ్మ పెరట్లోకి వచ్చింది. చంకలో గొడుగుంది, ముడిచినది ముడిచినట్టే ఉంది. "బడికాడికి గొడుగట్టుకెల్తే గుంట లేదన్నారు! తోటల దారిన నానొస్తంటే నువ్వు రోడ్డమ్మట పోయేవా? తడిసి ముద్దయిపోయేవు కదే, జొరమొస్తే ఎవులు సూస్తారే నిన్ను?" అంటూ నా వీపు మీద ఒక్కటి వేసి, అదే చేత్తో నన్ను గుండెకు నొక్కుకుంది. ఆవిడ ఒళ్ళు చన్నీళ్ళలా చల్లగా ఉంది. అత్త మెల్లగా లేచి, గట్టు మీది గాజులు తీసి, కొంగుతో తుడిచి, అమ్మ చేతికి ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించింది.   ఆ శనివారం నాన్న వచ్చాక కూడా ముగ్గురం ఆ గాజుల మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అత్త బొంత కప్పుకుని కూర్చుని నా జుట్టు ఆరబెడుతుంటే, పటం తిప్పేసింది నేనేనని ఒప్పుకున్నాను. "గోడేపు తిప్పితే గోడలోంచి సూస్తాడు లేయే" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నేను చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగేశాను. "మరి తమ్ముడు పోయినప్పుడు సూడనేదా అత్తా?" అత్త చేతివేళ్ళు నా జుట్టులో ఆగిపోయాయి. "సూసేడు. మీ మావయ్య పోయినప్పుడూ సూసేడు. సూస్తా ఏల ఊరుకున్నావని నానడిగేను. ఒక్కనాడని కాదే, ఏళ్ళతరబడి అడిగేను. సెప్పలేదు. నాకు తెలీదు సత్తీ, నీకు అబద్దం సెప్పను. కానీ ఆ దినాల్లో నాను ఒక్కదాన్నే కూసుని ఏడిసేనని మటుకు నాకు అనిపించనేదు. అదొక్కటే నాకు తెలిసింది." పెద్దవాళ్ళు తమకు తెలియదని పిల్లలతో చెప్పడం నేను వినడం అదే మొదలు. విచిత్రంగా, ఆ తెలియదన్న మాటే నాకు ఆసరా అయింది. తెలుసునని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదేమో.

అమ్మ ఒక్కరోజులో బాగుపడలేదు. మంచి రోజుల మధ్య మళ్ళీ ఆ మూగ రోజులు వచ్చేవి. అత్త తిరిగి అత్తవారింటికి వెళ్ళలేదు. అమ్మ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా బతికింది, నా పెళ్ళి చేసింది, శిరీషకు నలుగుపెట్టి నీళ్ళు పోసింది. పోయేదాకా ఆ గాజులు తియ్యలేదు. నేను మాత్రం ఆ పెరటి నుంచి ఎన్నడూ పూర్తిగా బయటకు రాలేదు. పెళ్ళయి వచ్చిన ఇంట్లో అర్ధరాత్రి లేచి అందరి ఊపిరీ వినేదాన్ని. తలుపు వెనక ఎవరైనా మాట్లాడకుండా ఉంటే ఏదో వంక పెట్టి తలుపు తట్టేదాన్ని. మా వారు ఎందుకని అడిగితే, "అలవాటు" అనేదాన్ని.

బస్సు దిగి నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి సింహాలత్త ముందు గదిలో నవారు మంచం మీద కూర్చుని ఉంది. ఇంట్లో అద్దెకున్న దంపతులు ఆవిడకు వేళకింత వండి పెడుతున్నారు. చుట్ట మానేసి చాలా ఏళ్ళయింది. కళ్ళలో శుక్లాలు, చూపు దాదాపు లేదు. పెరట్లో నూతికి ఇనప చట్రం బిగించి మోటారు పెట్టారు. గోడ అవతల చెరకు లేదు, ఇళ్ళు వచ్చేశాయి. "ఎవులే? సత్తివా?" అంటూ నా మొహం తడిమింది. శిరీష సంగతి చెప్పాను. డాక్టరు అడిగితే లేదన్నానని చెప్పాను.

"ఏల లేదన్నావు?"

"మనం ఎప్పుడూ అలాగే అన్నాం కదత్తా."

ఆవిడ గొంతులో పాత గట్టిదనం వచ్చింది. "అప్పుడు సెప్తే ఏటి సేసేవోరు? బూతవైద్యుడికాడికి ఈడ్సుకెల్లి ఏపమండలతో కొట్టించేవోరు. అందికని దాసేను. ఇప్పుడు మందుంది కదా. మందున్నప్పుడు దాస్తే ఆ తప్పు నీదే. రేపు కాదు, ఇయ్యాలే సెప్పు."

కాసేపటికి నేను ఆ వాన రోజు గురించి అడిగాను. యాభై ఏళ్ళలో మొదటిసారి. అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. అమ్మ చనిపోవడానికి ముందు ఏడాది ఇదంతా తనతో అందట. గాజులు తీసి నాకుంటాయని గట్టు మీద పెట్టిందట. గట్టు మీద చెయ్యి ఆనించిందట. ఆ చేతి మీద ఒక చినుకు పడిందట. "గుంట గొడుగు తీసుకెల్లనేదు" అని మనసులోకి వచ్చిందట. తర్వాత ఏమనుకుందో ఆవిడకే గుర్తు లేదు, తోటల దారిలో సగం దూరం వెళ్ళాక గాని చేతిలో గొడుగున్నట్టు తెలియలేదట. "అంతే సత్తీ. ఎవులో వచ్చి ఆపనేదు. ఒక్క సినుకు" అంది అత్త. ఆ చినుకు ఎవరు వేశారో ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకుంది.

"నీకు ఎప్పుడూ భయం వెయ్యలేదా అత్తా? అంత ధైర్యం ఎక్కడిది?"

"నాకు ధైర్యమా?" అని బోసినోటితో నవ్వింది. "గజగజలాడిపోయేదాన్నే. నువ్వు బడికెల్లేక రోజూ గోడకానుకుని నిలబడిపోయేదాన్ని. బయం లేనోల్లకి ఆడితో పనేటి? బయమేసినప్పుడల్లా ఆడ్ని గట్టిగా పట్టుకున్నాను, అంతే."

బస్టాండుకు వచ్చే ఆటోలోంచే డాక్టరమ్మకు ఫోను చేశాను. మా అమ్మకు వచ్చిందండీ, నిన్న అబద్ధం చెప్పాను అన్నాను. ఆవిడ కోప్పడలేదు. మంచి పని చేశారమ్మా, మందు మార్చాల్సి ఉంటుంది అంది. అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా! మా అమ్మకు పేరు కూడా లేని జబ్బుకు ఇప్పుడు పేరుంది, మాత్ర ఉంది, కూర్చుని మాట్లాడించే మనిషి ఉంది. నుయ్యి పోయి ఏడో అంతస్తు బాల్కనీ వచ్చింది. తాళాలు గట్టివి. అయినా మధ్యాహ్నం మూడు గంటలకు అపార్ట్‌మెంటులో అందరూ తలుపులు వేసుకున్న వేళ, లిఫ్టు చప్పుడు కూడా ఆగినప్పుడు, ఆ నిశ్శబ్దం మాత్రం మా పెరటి నిశ్శబ్దమే. అత్త ఉన్నట్టు ఇంటికొక మనిషి ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? ఆ పని నాదే అనుకున్నాను. కానీ అత్తలా ఆ పనిలో సగం వేరొకరికి ఒప్పజెప్పడం నేనెన్నడూ నేర్చుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం శిరీష మంచం పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. తమ్ముడు, నుయ్యి, గాజులు, చినుకు, ఏదీ దాచలేదు. ఆమె అటు తిరిగి పడుకుని ఉంది. వింటోందో లేదో తెలియదు. చెప్పడం అయిపోయాక చాలాసేపటికి, "అమ్మమ్మ మళ్ళీ ఎప్పుడు నవ్విందమ్మా?" అంది. నేను వెతుక్కున్నాను. ఆ చలికాలంలో ఊరంతా బెల్లం వండే వాసన కమ్ముకున్న రోజుల్లో, అత్త దేవుడి ముందు పెట్టిన అరటిపండు కోతి ఎత్తుకుపోయింది. అత్త పెంకుల మీది కోతికి కిందనుంచి దణ్ణాలు పెడుతూ బతిమాలుతుంటే, అది తొక్క తీసి ఆవిడ నెత్తిన వేసింది. అప్పుడు అమ్మ నవ్వింది, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. శిరీష భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో వెనకనుంచి నాకు తెలియలేదు.

అప్పుడు నేను నా జన్మలో చెయ్యని పని చేశాను. తలుపు దగ్గరికి జరిగి కూర్చోలేదు. అల్లుడి దగ్గర తిరిగి తీసుకున్న తాళంచెవి తడిమి చూసుకోలేదు. "నాకు చేతకావడం లేదు స్వామీ, నువ్వు కాస్త చూస్తుండు" అని మనసులో అనుకుని, మంచం కోడుకు తల ఆనించాను. అది ప్రార్థనో అలసటో నాకు తెలియదు. మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ లేదు. మంచం ఖాళీగా ఉంది. గబుక్కున లేవబోతే కాళ్ళకు ఏదో అడ్డం పడింది. నా మీద మెడ దాకా దుప్పటి కప్పి, అంచులు కింద దోపి ఉన్నాయి. హాల్లో శిరీష పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది.

"నన్ను లేపచ్చు కదే" అన్నాను.

"బాగా పడుకున్నావు కదమ్మా, చూస్తూ కూర్చున్నాను" అంది.